ఎక్స్‌రేలో కనిపించని పంటి వేరు పగులు

(మంత్రాలయంలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. గుమాస్తాగా ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ని. ఒక్క కాగితం చూసి ఏ అధికారీ ఉత్తర్వు వేయడు. పంటి ఎక్స్‌రే కూడా అటువంటి ఒక్క కాగితమే అని మనవి చేయడానికే నిలబడ్డాను.

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. 1896లోనే వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లకు ఎక్స్‌రే తీసుకున్నాడు. అందుకు 25 నిమిషాలు పట్టింది. నేడు క్షణం చాలు. అయినా ఆ బొమ్మ ఒక నీడే. ముందు, వెనుక ఉన్నవన్నీ ఒకదానిపై ఒకటి పడతాయి. దవడ పంటికి రెండు మూడు వేర్లుంటే ఒకటి మరొకదాన్ని కప్పేస్తుంది.

పాత తలుపు చెక్కల మధ్య సందు చూడండి. దానికి ఎదురుగా నిలబడితే వెలుతురు కనిపిస్తుంది, కొంచెం పక్కకు జరిగితే కనిపించదు. వేరులోని పగులూ అంతే. కిరణం ఆ పగులు వెంట సూటిగా పోతేనే గీత పడుతుంది. చుట్టూ ఉన్న ఎముక క్షీణించడమూ మొదట్లో తెలియదు. అందులోని ఖనిజాలు సుమారు 30 నుంచి 50 శాతం తగ్గితే గాని మామూలు ఫిల్ములో మచ్చ కనిపించదని చెబుతారు.

సి.బి.సి.టి. అనే స్కాను పంటిని అన్ని వైపుల నుంచీ చూపుతుంది. కానీ రూట్ కెనాల్ చేసి లోహపు క్యాప్ వేసిన పంటి చుట్టూ తెల్లని, నల్లని చారలు పడతాయి. అవి ఒక్కోసారి పగులును దాచేస్తాయి, ఒక్కోసారి లేని పగులును ఉన్నట్టు చూపుతాయి. వేరు నిలువునా పగలడం ఎక్కువగా ఇటువంటి పళ్లలోనే!

కాబట్టి "ఫిల్ములో ఏమీ లేదు" అన్నంత మాత్రాన నొప్పిని ఓర్చుకుంటూ కూర్చోకండి. ఫిల్ములో ఏదో గీత ఉందని వెంటనే పన్ను పీకించుకోనూ వద్దు. జొన్నరొట్టె నమిలితే ఏ పంటి దగ్గర నొప్పి వస్తుందో, చిగురు మీద చీము పొక్కు మాటిమాటికీ లేస్తోందో డాక్టరుగారికి వివరంగా చెప్పండి. ఒకేచోట చిగురు లోతుగా వదులైందేమో ఆయన సన్నని కొలకడ్డీతో చూస్తారు. అవసరమైతే కోణం మార్చి మరో ఎక్స్‌రే తీస్తారు. అప్పటికీ తేలకపోతే చిగురు తెరిచి కంటితో చూడవలసి రావచ్చు.

పాత ఫిల్ములు పారేయకండి. పింఛను కాగితాలతోపాటే భద్రపరచండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే మార్పు తెలుస్తుంది. రెండో అభిప్రాయం కావాలనుకుంటే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

పోయిన పన్ను మన వయసులో తిరిగి రాదు. తొందరపడి పోగొట్టుకోవద్దు. సెలవు.