కుక్కరు కూత ఉన్న పాట



పాట బాగుండాలంటే ఏం కావాలి? మంచి గొంతు, మంచి స్టూడియో, వెనుక పది వాయిద్యాలు అంటారు ఎవరైనా. నేనూ అట్లాగే అనుకునేదాన్ని. మా అమ్మ పాట విషయంలో నేను చేసిన పొరపాటు ఒక అమెరికా గాయకుడి కథ విన్నాక గాని నాకు బోధపడలేదు.

ఆయన పేరు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. రాక్ సంగీతంలో పేరుమోసినవాడు. 1982 జనవరిలో న్యూజెర్సీలోని తన ఇంట్లో కూర్చుని, గిటారు, మౌతార్గాన్ వాయించుకుంటూ కొన్ని పాటలు రికార్డు చేసుకున్నాడు. మామూలు క్యాసెట్టు మీదే నాలుగు ట్రాకులు పట్టే చిన్న యంత్రం అది. వాటిని తన బృందానికి వినిపించి, తరువాత స్టూడియోలో హంగుగా పాడాలని ఆయన ఉద్దేశం. ఆ క్యాసెట్టును పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకుని తిరిగాడట!

స్టూడియోలో బృందంతో పాడి చూశాడు. ఆయనకే నచ్చలేదు. పని పోయినవాడు, తప్పుచేసి దిక్కుతోచనివాడు, ఇట్లాంటివాళ్ళ గోడు ఆ పాటలు. హంగు పెరిగితే గోడు వినబడుతుందా? చివరికి ఆ జేబులోని క్యాసెట్టు నుంచే, అందులోని బుస శబ్దంతో సహా, 'నెబ్రాస్కా' పేరుతో 10 పాటల ఆల్బమ్ 1982 సెప్టెంబరులో విడుదలైంది. దాని కథ మీద 2025లో సినిమా కూడా వచ్చింది. ఇట్లా ఇంటి పరికరాలతో, మెరుగులు దిద్దకుండా చేసే సంగీతాన్ని ఇప్పటి పిల్లలు 'లో-ఫై' అంటారు.

ఇక మా అమ్మ సంగతి. చిత్తూరు దగ్గర మా పల్లెలో ఎవరింట పెళ్ళయినా అప్పగింతల పాటకు ఆమెనే పిలిచేవాళ్ళు. ఒకరోజు తిరుపతిలో మా వంటింట్లో చింతపండు గింజలు తీస్తా ఆ పాటే పాడుతుంటే, మా అమ్మాయి సెల్‌ఫోనులో పట్టింది. మధ్యలో కుక్కరు కూత వేసింది. బిడ్డను అప్పగించే చోట అమ్మ గొంతు పూడుకుపోయింది. కాసేపాగి, "ఏమ్మే, స్టవ్వు తగ్గించు" అని మళ్ళీ అందుకుంది.

నాకది నచ్చలేదు. రికార్డింగు గదికి తీసుకుపోయి మళ్ళీ పాడించాను. కొంగు సర్దుకుని, బిగుసుకుని కూర్చుని, ఒక్క తప్పు లేకుండా పాడింది. దారిలో, "బాగా పాడినానా మే?" అని అడిగింది. బాగుందన్నాను.

ఆమె పోయి రెండేళ్ళయింది. ఆ శుభ్రమైన పాట మేమెవరం పెట్టుకోవడం లేదు. కుక్కరు కూత ఉన్నదే వింటాం. ఊరందరి పెళ్ళిళ్ళలో పాడిన మా అమ్మ నా పెళ్ళిలో పాడలేదు. "గొంతు బాగలేదు" అంది. అది నిజమేననుకుని చాలా ఏళ్ళు మనసులో కష్టపెట్టుకున్నాను. ఆ గొంతు పూడుకుపోయిన చోటు విన్నప్పుడల్లా అసలు కారణం తెలిసివస్తుంది.

సోదరీమణులారా, మీ ఇంట పాడే అవ్వ ఉంటే, ఇల్లు సద్దుమణిగేదాకా కాచుకోకండి. ఈరోజే రికార్డు చేయండి. అటక మీద పాత క్యాసెట్లుంటే దించి, కంప్యూటరులోకి ఎక్కించుకోండి. వాటిలో దగ్గు, కాకి అరుపు, ఎవరో పిలిచిన పిలుపు వినబడితే తీసేయించకండి.