విద్యుచ్ఛక్తి: గృహస్థుని లెక్క
(ఒక పఠన మందిరమున గావించిన యుపన్యాసము)



కరెంటు బిల్లు చేతికి వచ్చిననాడు గృహస్థుడు విచారించును; మరునాడు మరచును. విచారముకంటె లెక్క మేలు.

1000 వాట్ల శక్తి యొక గంట వ్యయమైన నది యొక యూనిట్టు. 60 వాట్ల పాత బల్బు దినమునకు 5 గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లగును. ఇంచుమించు అంత వెలుతురే యిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు ఒకటిన్నర యూనిట్టైనను పట్టదు. 75 వాట్ల పంకా దినమునకు 12 గంటలు తిరిగిన నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల నూతన పంకాకు 11 చాలును. ఏ.సి. యంత్రమును 24 డిగ్రీలయొద్ద నిలుపుడు. ఒక్క డిగ్రీ హెచ్చించిన సుమారు నూటికి 6 పాళ్లు మిగులును. మన తెలుగు రాష్ట్రములందు వాడుక హెచ్చినకొలది యూనిట్టు ధరయు హెచ్చును. కావున కడపటి యూనిట్లే మిక్కిలి ప్రియమైనవి. పొదుపు చేసినప్పుడు ముందుగా తగ్గునవియు నవియే.

అయినను పొదుపు మాత్రమే బోధించుట న్యాయము కాదు. ఒక్క దీపము, ఒక్క పంకా గల బీదవాడు దేని నార్పును? 2000 ఆగస్టు 28వ తేదీన ఛార్జీల పెంపును నిరసించిన ప్రజలపై హైదరాబాదు బషీర్‌బాగులో తుపాకులు ప్రేలినవి, ప్రాణములు పోయినవి. ధరలు నిర్ణయించుటకు ముందు ప్రజల యభ్యంతరములను నియంత్రణ మండలి పరిశీలింపవలెనని 2003 నాటి విద్యుత్తు చట్టము శాసించుచున్నది. ఆ బహిరంగ విచారణకు మనలో నెందరు పోవుచున్నారు?

ఇంట మీటరు చదువుడు. విచారణలో లెక్క యడుగుడు. మొదటిది గృహధర్మము, రెండవది పౌరధర్మము. ఒకటి విడిచి రెండవది నిలువదు.