పాత ట్రాక్టరుకు తగిన బండి

ముచ్చటపడి బాగుచేయించుకున్న పాత ట్రాక్టరును ప్రదర్శనలకు తీసుకువెళ్లాలని పికప్ వ్యాను కొనేవారు ముందుగా ఇంజను బలం చూస్తారు. చూడవలసింది ఆర్.సి. కాగితాలు చూడటం మనకు అలవాటే కదా! అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసివేయండి. మిగిలినదే మోయదగిన బరువు. మనుషులు, గొలుసులు కూడా అందులోనే.

1946-56 మధ్య ఇంగ్లండులో తయారైన చిన్న ఫెర్గూసన్ టీఈ-20 సైతం 1,100 కిలోల పైమాటే. వెనుక టైర్లలో నీళ్లుంటే ఇంకా ఎక్కువ. 750 కిలోల బండి చాలదు. ముందే ట్రాక్టరును కాటా వేయించండి.

2019 సవరణ ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000. జరిమానా కట్టగలం, పల్లంలో బ్రేకు పట్టకపోతే, పోయిన ప్రాణం తేలేం. ఈ తీసివేత లెక్క మనమే చేసి పిల్లల చేతికివ్వాలి.