వైద్యుడు లేని దూరము

(విజయవాడలోని యొక పఠనాలయమున గావించిన ఉపన్యాసము)



వ్యోమయాత్రికుల వైద్యమును గూర్చి కృష్ణయొడ్డున ప్రసంగింపబూనుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని యీ విషయము మనకు కొత్తది కాదు. 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి సింగునగరము మొదలగు పేటలను ముంచినప్పుడు, ఊరిలోనే ఆసుపత్రులుండియు, నీటినడుమ చిక్కిన రోగికి అవి లేనివే యైనవి. పడవలమీదను డ్రోనులతోను మందులు పంపవలసివచ్చెను. వరద వచ్చినపుడెల్ల లంకగ్రామములవారికి ఈ యనుభవము పాతదే. రోగికిని వైద్యునికిని నడుమగల దూరమును ఆమడలతో కొలిచిన ప్రయోజనము లేదు. చికిత్స అందుటకు పట్టు కాలముతో కొలువవలెను.

ఈ కొలతతో ఆకాశమును చూడుడు. 2021 జులై 11న మన యాడపడుచు బండ్ల శిరీష చేసిన వ్యోమయానము కొలది నిమిషములలో ముగిసెను. ఆ యేటి నవంబరున బయలుదేరిన రాజాచారి, తండ్రివంకను తెలుగుగడ్డకు చెందినవాడు, 177 దినములు పైననే యుండెను. అట్టి దీర్ఘనివాసమున దేహమే మారిపోవును. శరీరభారమును మోయు ఎముకలకు అచ్చట పనిలేక నెలకు నూటికి సుమారొక వంతు సాంద్రత తగ్గును. ఆ సున్నము మూత్రమున చేరి రాళ్లకు దారితీయవచ్చును. దేహద్రవములు తలవైపునకు మరలుటచే కొందరి చూపు చెడును. కావుననే వారు ప్రతిదినము రెండు గంటలు వ్యాయామమునకు కేటాయింతురు.

2020లో వైద్యపత్రికయం దొక వృత్తాంతము ప్రకటితమైనది. అంతర్జాతీయ వ్యోమకేంద్రమునందలి యొకరికి, పరిశోధనకై మెడను అల్ట్రాసౌండుతో పరీక్షించుచుండగా, సిరలో నెత్తురుగడ్డ కనబడెను. బాధ యేమియు లేదు. కాని ప్రమాదము గలదు. భూమిమీది నిపుణులు మార్గము చెప్పిరి. సూదిమందు కొద్దిగానే యుండుటచే పొదుపుగా వాడిరి. పిమ్మట సరకులనౌక మాత్రలను తెచ్చెను. రోగి క్షేమముగా భూమికి దిగిరి. మరల 2026 జనవరిలో ఒకరి యనారోగ్యమువలన నలుగురి బృందమును గడువునకు ముందే దింపవలసివచ్చెను. ఆ కేంద్రచరిత్రలో వైద్యకారణమున నట్లు జరుగుట అదియే మొదలు.

ఈ సందర్భములయందు వారిని కాపాడినవి మూడు: వెంటనే అందు మాట, వెనువెంట రాగల సరకు, తిరుగుదారి. అంగారకయాత్రకు ఈ మూడును ఉండవు. అచ్చటినుండి మాట భూమిని చేరుటకే 3 మొదలు 22 నిమిషములు పట్టును. బదులునకు మరల నంతకాలము. గుండె యాగినవానికి ఆ బదులేల? తిరుగుదారి గ్రహగతుల కధీనము. యాత్ర సుమారు మూడేండ్లది. ఆలోపల పెట్టెలోని మందులలో పెక్కింటికి గడువు తీరును.

కావున వ్యవస్థను రచించువారికి కఠినమైన ప్రశ్న, ఏ మందును విడిచిపోవలె ననునది. ప్రతి మందుపెట్టెయు అన్నమునకో, నీటికో, యంత్రపు విడిభాగమునకో చోటు తగ్గించును. ఏ రోగము తరచుగా వచ్చును? ఏది ప్రాణాంతకము? దేనికి అచ్చట చికిత్స సాధ్యము? ఈ లెక్కలో విడువబడిన రోగముచేతనే ఒకరు మరణింపవచ్చును. ఆ సత్యమును బయలుదేరకముందే యాత్రికులకు చెప్పుట ధర్మము.

మరియు వైద్యుడే రోగి యైనచో? 1961 ఏప్రిల్‌లో, దక్షిణధ్రువఖండమునందలి సోవియట్ స్థావరమున, తానొక్కడే వైద్యుడైన లియొనీద్ రొగజోవ్‌కు ఉండుకము వాచెను. మంచుతుఫానులో సాయము వచ్చు దారి లేదు. అతడు తన కడుపును తానే కోసి దానిని తీసివేసెను. పనిముట్ల నందించినవారును, అద్దము పట్టినవారును వైద్యులు కారు; ఒకరు వాతావరణ శాస్త్రజ్ఞుడు, ఒకరు బండి నడుపువాడు. ముందుగా వారికి నేర్పినందుననే అతడు బ్రదికెను.

సోదరులారా! తాళము వేసిన మందుపెట్టెను రోగికడ నుంచి, తాళపుచెవిని పట్టణమున నుంచుకొనుట వైద్యము కాదు. దూరమున నున్నవానికి మందుతోబాటు విద్యయు, విద్యతోబాటు నిర్ణయించు నధికారమును ఇయ్యవలెను. అంగారకయాత్రికునకు ఇది తప్పదని శాస్త్రజ్ఞులు గ్రహించుచున్నారు. వరదనాడు లంకలో నొంటరిగా రోగి ప్రక్కన కూర్చుండు ఆశా కార్యకర్తకును ఇది తప్పదని మనము ఎన్నడు గ్రహింతుము? వచ్చు వరద మన నిర్ణయమునకై వేచియుండదు.