సీడర్ కొనేముందు లెక్క చూసుకుందాం

(కూరగాయల రైతుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య మేము ఏ ఊరికి వెళ్ళినా కూరగాయల రైతులు ఒకే మాట అడుగుతున్నారు. "విత్తనం వేసే మిషను కొనమంటారా, వద్దంటారా? కొంటే ఏది కొనాలి?" విత్తే రోజున కూలీలు దొరకడం లేదు. దొరికినా ఊరంతా ఒకే పదునులో విత్తుతుంది కాబట్టి రేటు పెరుగుతుంది. పదును రెండు రోజులుంటే మనిషి మూడో రోజున వస్తున్నాడు. అందుకే రైతు చూపు యంత్రం మీద పడింది. ఇది సహజమే. అయితే ఫోనులో వీడియో చూసి కొన్న యంత్రాలు చాలా ఇళ్ళల్లో పశువుల కొట్టంలో మూలన పడి ఉండడం కూడా మేము చూస్తున్నాం. అందుకని కొనాలా వద్దా అన్నది ఈరోజు లెక్కలు వేసి చూద్దాం.

ముందుగా ఒక విషయం గుర్తు చేసుకుందాం. సాలులో గింజ వేసే పరికరం మనకు కొత్తది కాదు. జడ్డిగం, గొట్టాలు కట్టిన గొర్రు మన తాతల కాలం నాటికే పాతది. 1790లలో థామస్ హాల్కాట్ అనే ఇంగ్లీషు సైనికాధికారి దక్షిణ భారతంలో గొర్రుతో విత్తడం చూసి, ఇది యూరపువాళ్ళు కొత్తగా కనిపెట్టిందనుకున్నాను, ఇక్కడ ఎప్పటినుంచో వాడుతున్నారే అని లండన్‌లోని వ్యవసాయ బోర్డుకు రాశాడు. కాబట్టి కంపెనీ మనిషి ముందు మనం చిన్నబోనక్కరలేదు. గొర్రు పట్టిన చేతులకు సీడర్ మంచిచెడ్డలు తెలుస్తాయి. అడగాల్సిన ప్రశ్నలు అడగడమే మన పని.

మొదటి ప్రశ్న: ఏ పంటకు?

టమాట, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్ మాత్రమే వేసే రైతుకు చేలో విత్తే సీడర్ అవసరం లేదు. ఇవి నారు పోసి నాటే పంటలు. హైబ్రిడ్ విత్తనం ఖరీదు చూస్తే ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి గుంటకు ఒక్క గింజ వేసుకోవడమే మేలు. బీర, కాకర, సొర, దోస వంటి తీగ పంటలకూ పెద్దగా అవసరం పడదు. సాళ్ళ మధ్య 2 మీటర్లు, పాదుల మధ్య 60 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు సుమారు 3,400 పాదులే వస్తాయి. వాటిని చేత్తో పెట్టుకోవచ్చు.

సీడర్ పనికొచ్చేది బెండ, గోరుచిక్కుడు, బీన్స్, స్వీట్ కార్న్, ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్, నేరుగా విత్తే ఉల్లి, కొత్తిమీర, మెంతి, పాలకూర, తోటకూరలకు. వీటిలోనూ పెద్ద గింజకు సరిపోయే యంత్రం చిన్న గింజకు సరిపోదు. "అన్ని విత్తనాలకూ ఇదొక్కటే" అని అమ్మేవాడు చెబితే, తోటకూర గింజలు పోసి చూపించమనండి.

వరికి వాడే డ్రమ్ సీడర్ మనకు తెలుసు. అది దమ్ము చేసిన మడిలో మొలకెత్తిన వడ్లు వేయడానికి చేసింది. పొడి దుక్కిలో కూరగాయలకు అది కుదరదు.

రెండో ప్రశ్న: ఏ రకం?

చిన్న రైతుకు అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా నాలుగు రకాలు.

ఒకటి, నిలబడి గుచ్చి వేసే గొట్టం. భూమిలో గుచ్చి పిడి నొక్కితే ముక్కు తెరుచుకుని గింజ పడుతుంది. పావు ఎకరం, అర ఎకరం బెండకో, చిక్కుడుకో ఇది చాలు. ఎత్తు మడుల మీదా, బోదెల మీదా పనిచేస్తుంది. ముందే రంధ్రాలు చేసిన మల్చింగ్ షీటుకు కూడా ఇదే నయం, ఎందుకంటే రంధ్రం ఎక్కడుందో మనిషి కన్ను చూసి గుచ్చుతుంది. పని వేగం తక్కువే, నడుం వంచే బాధ మాత్రం తప్పుతుంది.

రెండు, ముక్కుల చక్రం. చక్రం చుట్టూ ముక్కులుంటాయి. తోసుకుంటూ పోతే ఒక్కో ముక్కు భూమిలో దిగి గింజ వదులుతుంది. మొక్కజొన్న, బీన్స్, బెండ వంటి గింజలకు బాగుంటుంది. ముక్కుల సంఖ్యను బట్టి ఎడం వస్తుంది. ఉదాహరణకు చక్రం చుట్టుకొలత 180 సెంటీమీటర్లు, ముక్కులు 12 ఉంటే గింజకూ గింజకూ 15 సెంటీమీటర్లు. ఆరు ముక్కులే పనిచేసేలా పెడితే 30 సెంటీమీటర్లు. నల్లరేగడిలో తడి ఎక్కువుంటే ముక్కుల్లో బంకమట్టి ఇరుక్కుని గింజ పడదు. మనం తోసుకుంటూ పోతూనే ఉంటాం, వెనక సాలు ఖాళీగా ఉంటుంది. ఎర్ర నేలల్లో, చల్క నేలల్లో ఈ ఇబ్బంది తక్కువ.

మూడు, పలక సీడర్ లేదా రోలర్ సీడర్. ముందు చక్రం తిరిగితే లోపల గుంటలున్న పలకో, రోలరో తిరిగి గింజను ఎత్తి సాలులో వేస్తుంది. వెనక గొలుసు మట్టి కప్పుతుంది, చివరి చక్రం అదుముతుంది. క్యారెట్, ముల్లంగి, ఉల్లి, ఆకుకూరలకు ఇదే తగినది. అయితే గింజ సైజును బట్టి పలక మార్చాలి. మీ పంటకు కావాల్సిన పలక యంత్రంతో పాటే ఇస్తున్నారో లేదో చూసుకోండి. ఇది మెత్తని దుక్కిని కోరుతుంది. బెడ్డలు, కొయ్యలు, పాత పంట వేళ్ళు ఉంటే ఎగిరిపడుతుంది. దుక్కి సరిగా లేని చేలో ఎంత ఖరీదైన సీడరైనా దండగే.

నాలుగు, పవర్ టిల్లర్‌కో, చిన్న ట్రాక్టర్‌కో తగిలించే మూడు నాలుగు సాళ్ళ సీడర్లు. ఎకరం, రెండెకరాల రైతు సొంతానికి కొనాల్సినవి కావు. ఊరికొకటి ఉంటే చాలు.

మూడో ప్రశ్న: ఎంత మిగులుతుంది?

బెండనే తీసుకుందాం. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. సాళ్ళ మధ్య 60, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు పెడితే సుమారు 22,500 కుదుర్లు. అంటే చేత్తో విత్తితే అన్నిసార్లు వంగాలి. ఎకరంలో సాళ్ళన్నీ కలిపితే 6.7 కిలోమీటర్లు. సీడర్ తోసేవాళ్ళు నడవాల్సింది అంత. మలుపులు, గింజలు నింపడం కలుపుకున్నా ఒక రోజు పని.

విత్తనం లెక్క కూడా చూడండి. బెండ గింజలు వెయ్యి సుమారు 60 గ్రాములు తూగుతాయి. కుదురుకు ఒక గింజ అయితే 1.35 కిలోలు, రెండైతే 2.7 కిలోలు. కిలో ధరతో గుణించుకుంటే తేడా మీకే తెలుస్తుంది. కానీ ఒక్క గింజ వేయాలంటే మొలక బాగుండాలి. ధ్రువీకరించిన బెండ విత్తనానికి చట్టం కోరే కనీస మొలక 65 శాతమే. ఆ విత్తనాన్ని కుదురుకు ఒకటి వేస్తే 22,500లో 7,800కు పైగా ఖాళీలు వస్తాయి. కాబట్టి విత్తే వారం ముందే 100 గింజలు తడి గోనెలో చుట్టి మొలక చూడండి. మొలక బాగా ఉంటే ఒక్కటి, తక్కువుంటే రెండు. ఇది యంత్రం చెప్పేది కాదు, మనం చూసుకోవాల్సింది.

ఇప్పుడు డబ్బు. సీడర్ ధర 6 వేలు అనుకుందాం. ఎకరం విత్తితే కూలీలో వెయ్యి రూపాయలు మిగులుతుందనుకుందాం. మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. అర ఎకరంలో ఏడాదికి రెండు పంటలు విత్తే రైతుకు ఆ పెట్టుబడి తిరిగి రావడానికి ఆరేళ్ళు పడుతుంది. అలాంటి రైతులు ఐదుగురు కలిసి కొంటే ఏడాదికి ఐదెకరాలు, అంటే ఏడాది దాటి మరో పంటకు ఖర్చు వచ్చేస్తుంది. దేశంలో 86 శాతం కమతాలు రెండు హెక్టార్ల లోపువేనని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. అంటే మనలాంటివాళ్ళే ఎక్కువ. కలిసి కొనడమే మన లెక్కకు కుదిరే దారి.

మరొక మాట. సీడర్ లాభం విత్తే రోజుతో అయిపోదు. సాలు తిన్నగా ఉంటే కలుపుకు చక్రాల దంతె తోలుకోవచ్చు. కూరగాయల్లో పెద్ద ఖర్చు కలుపుదే కదా. కాబట్టి మీ దగ్గర ఏ దంతె, ఏ వీడర్ ఉందో ముందు దాని వెడల్పు కొలవండి. సాళ్ళ ఎడం దానికి సరిపోయేలా పెట్టండి.

దుకాణంలో ఏం చూడాలి?

మీ విత్తనం మీరే పట్టుకెళ్ళండి. నేల మీద టార్పాలిన్ పరిచి దాని మీద సీడర్ తోసి గింజలు ఎలా పడుతున్నాయో చూడండి. లేదా చక్రం పైకెత్తి సుద్దతో గుర్తు పెట్టి తిప్పండి. చక్రం చుట్టుకొలత 110 సెంటీమీటర్లు అయితే తొమ్మిది చుట్లు దాదాపు 10 మీటర్ల సాలు. 30 సెంటీమీటర్ల ఎడానికి 33 గింజలు పడాలి. 50 పడితే ఎడం 20 సెంటీమీటర్లకు తగ్గినట్టు. పడిన గింజల్లో పగిలినవి, చెక్కులు లేచినవి ఎన్నో ఏరి లెక్కపెట్టండి. పగిలిన గింజ మొలవదు.

లోతు మార్చుకునే వీలుండాలి. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. బెండకు 2 నుంచి 3 సెంటీమీటర్లు, క్యారెట్‌కు ఒక సెంటీమీటరు. చిన్న గింజ లోతుకు పోతే పైకి రాదు.

పిడి ఎత్తు మార్చుకునే వీలుండాలి. మన చేలలో విత్తనం పెట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. దుకాణానికి వెళ్ళేది మాత్రం మగవాళ్ళు. తోసే మనిషిని వెంట తీసుకెళ్ళండి. గట్టు మీద నుంచి ఎత్తి అవతల పెట్టగలిగేంత బరువే ఉండాలి. విడిభాగాలు దగ్గరి పట్నంలో దొరుకుతాయో లేదో అడగండి. జీఎస్‌టీ బిల్లు, గ్యారంటీ కాగితం లేకుండా కొనవద్దు.

గింజను కూడా సిద్ధం చేసుకోవాలి. ధనియాలు బద్దలుగా నలిపి వేయాలి. క్యారెట్ గింజకు నూగు ఉంటుంది, అరచేతుల మధ్య నులిమితే పలకలో ఇరుక్కోదు. బీట్‌రూట్‌లో ఒక్క గింజలా కనబడేది నిజానికి గింజల గుత్తి, ఏ సీడర్‌తో వేసినా ఒత్తు మొక్కలు తీయాల్సిందే. నానబెట్టిన గింజను నీడలో తడి ఆరేదాకా ఉంచకపోతే యంత్రంలో అంటుకుంటుంది. మందు పట్టించిన రంగు గింజలను గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పెట్టె కడిగిన నీళ్ళు బావి దగ్గర, పశువుల తొట్టి దగ్గర పోయవద్దు.

కూలీల మాట, మన డిమాండ్ల మాట

యంత్రం వస్తే కూలి ఆడవాళ్ళ పని పోతుందనే బాధ న్యాయమైనదే. మన సంఘం దాన్ని పక్కన పెట్టకూడదు. ఊరి సీడర్ నడపడం ముందు వాళ్ళకే నేర్పిద్దాం. నడిపిన రోజుకు మగవాళ్ళతో సమానంగా కూలి ఇద్దాం. నడుం నొప్పి తగ్గాలి గానీ నోటికాడ కూడు పోకూడదు.

ఇక ప్రభుత్వం. వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం వరకు సబ్సిడీ ఉంది. సహకార సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, పంచాయతీలు ఊళ్ళో యంత్రాల కేంద్రం పెట్టుకుంటే 30 లక్షల లోపు ప్రాజెక్టుకు 80 శాతం దాకా ఇవ్వవచ్చు. కానీ ఆ కేంద్రాల్లో మనకు కనబడేవి ట్రాక్టర్లు, రోటవేటర్లు. చేత్తో తోసే సీడర్లు, వీడర్లు కూడా పెట్టాలి. సబ్సిడీకి పట్టాదారు పాసుపుస్తకం అడిగితే కౌలు రైతు ఎక్కడికి పోవాలి? 2011లో కౌలుదారుల చట్టం వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మరొకటి వచ్చింది. కార్డు చేతికి రాని కౌలు రైతులు ఇంకా ఎందరో ఉన్నారు. ఊళ్ళో కూరగాయలు పండించేవాళ్ళలో వాళ్ళ పాలు తక్కువేమీ కాదు. విత్తేవాడికే సబ్సిడీ అందాలన్నది మన డిమాండు.

రైతు డబ్బు కట్టకముందే చేలో నడిపి చూపించాలన్నది రెండో డిమాండు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. పరీక్షించి చూపించే చోట్లు ఉన్నప్పుడు రైతును ప్రకటనల పాలు చేయడం ఎందుకు?

చివరగా ఒక పని. వచ్చే కమిటీ సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ మూడు అంకెలు రాసుకుని రండి. ఊళ్ళో నేరుగా విత్తే కూరగాయలు ఎన్ని ఎకరాలు, ఎక్కువగా వేసే గింజ ఏది, నేల ఎర్రదా నల్లదా అన్నవి. వాటిని బట్టి ఏ ఊరికి ఏ సీడరో, ఎన్నో తేల్చి దరఖాస్తులు కలిపి పెడదాం. ఒక్కొక్కరం విడిగా వెళితే దుకాణంవాడు చెప్పిందే ధర. ఇరవై మందిమి కలిసి వెళితే మనం అడిగినట్టు చేలో నడిపి చూపిస్తాడు. అదును మన కోసం ఆగదు. ఈ పని వానలకు ముందే పూర్తి చేద్దాం.

సెలవు.