మా యమ్మ పుట్టినింటి ముచ్చటలు



ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దమంజరియు రఘువంశమును చెప్పుకొని బ్రతికినవాడను. మన కులమునందలి విద్యావంతులను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ పట్టిక యేటేట ఈ సంచికలో అచ్చగుచునే యున్నది. కావున వారి యనుమతితో, మూడవ తరగతి దాటని యొకరి బాల్యమును గూర్చి చెప్పెదను. ఆమె నా తల్లి. 1935లో, నాటి గుంటూరు జిల్లాలోని చీరాలలో, తేలియా రుమాళ్లు నేయు నింట జన్మించెను.

తాటాకుల యిల్లు. ముందరి గదిలో మగ్గపు గుంట. గుంటలో కాళ్లుంచి తాతగారు తెల్లవారకమునుపే నేతకు కూర్చుండెడివారు. "మగ్గము మ్రోగినంతసేపు నిద్రపట్టెడిది, ఆగినచో మెలకువ వచ్చెడిది" అని యమ్మ చెప్పును. వానలు పట్టినచో గుంటలో నీరూరెడిది. అప్పుడు నేతయు లేదు, కూలియు లేదు.

ఆ యింటి వాసనయే వేఱు. ఆముదపుకాయల పొట్టు కాల్చిన బూడిదను నీట కలిపి, నూనె చేర్చి, అందు నూలు నానవేసి, పిసికి, ఎండబెట్టి, మఱల నానవేయుచు, దినములకొలది ఆ పని సాగెడిది. అటుపిమ్మటగాని యెఱుపు చక్కగా పట్టదు. తలదువ్వెనకును అన్నపు కంచమునకును కూడ ఆ కంపు అంటియుండెడిదట. తేలియా యను పేరు దానివలననే వచ్చినది. తిలశబ్దమునుండి తైలము, తైలమునుండి తేల్. నువ్వుల పేర బుట్టిన మాట ఆముదపు బూడిదతో కాపురము చేసెను! ఆ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశములకు పోయెడివి.

ఇక ఆసు. మీలో పలువు రెఱుగుదురు, పట్నములలో పెరిగిన పిల్లలకై చెప్పుచున్నాను. ఒకవైపున నొక మేకు, ఎదుట అర్ధచంద్రాకారమున మేకుల వరుస. పోగును చేతబట్టి యిటునుండి యటు, అటునుండి యిటు వేలమారులు త్రిప్పవలెను. ఆసులో కండెవలె తిరుగుచున్నాడని లోకము నవ్వుచు ననుమాట. తిరిగిన చేతికి నవ్వు రాదు.

యుద్ధకాలమున, 1943లో, నూలుపై ప్రభుత్వపు నియంత్రణము వచ్చెను. ఇంటికి చేరు నూలు తగ్గెను, రాబడియు తగ్గెను. కూలికి వచ్చి ఆసుపోయుచుండిన పొరుగింటి యామెను మాన్పించిరి. ఆ చోట మా యమ్మను కూర్చుండబెట్టిరి. అప్పటి కామెకు ఎనిమిదేండ్లు. పలక తమ్మునికి పోయెను. షావుకారు రుమాళ్లు లెక్కించి రూకలు తాతగారి చేతిలో పోసెడివాడు. కండెలు చుట్టిన మా అమ్మమ్మకును, ఆసుపోసిన మా యమ్మకును ఆ లెక్కలో పేరు లేదు. పెద్దయైన పిమ్మటను, జనాభా లెక్కలవారు "మీ పని యేమి?" యని యడిగినప్పుడెల్ల ఆమె "ఏమియు లేదు" అనియే చెప్పెను.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు, తల్లి భుజము నొప్పి చూడలేక, 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరనే లక్ష్మియని పేరిడిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చెను. నే నావార్త అమ్మకు చెప్పగా, "చీరకు ఎంత సేపగును?" అని యడిగెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో నగునంటిని. కొంతసేపు మాటలాడక, "అప్పుడే వచ్చియుండినచో నేను బడికి పోయియుందును" అనెను.

పోషకులకు నాదొక విన్నపము. వచ్చు సంచికలో దాతల ఛాయాపటముల వెనుకనైనను, మన యిండ్లలో ఆసుపోసిన, కండెలు చుట్టిన ముసలమ్మల పేరులకు ఒక పుట విడువుడు. అచ్చు ఖర్చు నేనిచ్చెదను, ఫించను చాలినంతవఱకు.

ఈ ప్రసంగమును నిన్నరాత్రి అమ్మకు చదివి వినిపించితిని. బడి మాట తీసివేయుమనెను. "మా నాయనకు మాట వచ్చును, ఆయన మాత్రమేమి చేయును?" అనెను. నేను తీసివేయననగా, "అట్లయిన సరిగా వ్రాయుము. పలక నానుండి ఎవరును తీసికొనలేదు. తమ్మునికి నేనే యిచ్చితిని" అనెను.