ఒక్క రోజు బెజవాడ

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "నువ్వు నాలుగు దేశాలు తిరిగినవాడివి కదా, ఏదైనా పెద్ద రాజధాని గురించి చెప్పు. ఏం చూడాలి, ఏం తినాలి, ఏం కొనాలి అని చెబితే పిల్లలకు బాగుంటుంది" అన్నారు. సరేనన్నాను. నేను ఎంచుకున్న రాజధానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. మన ఊరి సెంటర్లో పల్లెవెలుగు ఎక్కితే చాలు.

బెజవాడ రాజధాని ఎప్పుడయిందని సోషల్ మాస్టారు అడుగుతారని తెలుసు. కాగితాల మీద మన రాజధాని 1953 దాకా మద్రాసు, తర్వాత మూడేళ్ళు కర్నూలు, 1956 నుంచి హైదరాబాదు. 2015 అక్టోబరు 22న కృష్ణ అవతలి ఒడ్డున అమరావతికి శంకుస్థాపన జరిగింది. ఇన్ని మారినా మన డెల్టా ఊళ్ళవాళ్ళు పెళ్ళిబట్టలకీ, కళ్ళజోడుకీ, పెద్ద డాక్టరుకీ, కొత్త సినిమాకీ పోయిన ఊరు ఒక్కటే. మనవరకు రాజధాని అంటే అదే.

నేను పబ్లిక్ హెల్త్ ఇంజనీరుని. అంటే మంచినీళ్ళూ, మురుగునీళ్ళూ నా బతుకుతెరువు. కొత్త ఊరికి వెళితే అందరూ తలెత్తి గోపురాలు చూస్తారు, నేను తలొంచి మ్యాన్‌హోలు మూతలు చూస్తాను. మా ఆవిడ నాతో యాత్రలకు రావడం ఎప్పుడో మానేసింది. కాబట్టి నా కొలబద్ద కాస్త వేరు. జేబులో తక్కువ డబ్బుతో పొద్దున బస్సు దిగిన పల్లెటూరి మనిషి, సాయంత్రం బస్సు ఎక్కేదాకా ఆ ఊళ్ళో మర్యాదగా గడపగలడా? గడపగలదా? నేను ముఖ్యంగా అడిగేది రెండోది.

ముందు చూడాల్సినవి. దుర్గమ్మ కొండ గురించి మీకు నేను చెప్పేదేముంది? బ్యారేజీ దగ్గర మాత్రం కాసేపు ఆగండి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చింది ఈ ప్రకాశం బ్యారేజీ. డెబ్బై గేట్లు, దాదాపు 13 లక్షల ఎకరాల మాగాణి. అందరూ నదివైపు తిరిగి ఫొటో దిగుతారు. మీరు ఊరివైపు తిరగండి. అక్కడ బయల్దేరే కాలువల్లో ఒకటి బందరు కాలువ, మన వైపుకే వస్తుంది. మా తాత ఆ కాలువ మీద పడవలో బెజవాడ వెళ్ళేవాడట. చిన్నప్పుడు మన చెరువు నిండిందీ, మనం తాగిందీ కాలువ నీళ్ళే. పట్నం ఆ కాలువలో ఏం పారేస్తే అది దిగువన మన బిందెల్లోకి వచ్చేది. నేను ఈ వృత్తిలోకి రావడానికి సగం కారణం అదే.

గాంధీ కొండ మీది స్తూపాన్ని 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరు చెప్పి 1887లో దానికి పునాది వేశారు, అందుకని ఇవాళ తలుచుకోవడం న్యాయమే. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు గాంధీగారికి జెండా చూపించిన పింగళి వెంకయ్యగారు మన భట్లపెనుమర్రు మనిషి. స్వరాజ్ మైదానంలో ఇప్పుడు అంబేడ్కర్ విగ్రహం ఉంది, పీఠంతో కలిపి 206 అడుగులు.

ఇక బజారు. బందరు రోడ్డుకి మహాత్మాగాంధీ పేరు, ఏలూరు రోడ్డుకి కార్ల్ మార్క్స్ పేరు పెట్టారు. ఆ రెంటినీ కలిపేది బీసెంట్ రోడ్డు. మార్క్స్ దగ్గర్నుంచి గాంధీ దగ్గరికి అనిబిసెంట్ గుండా నడిచిపోయే సౌకర్యం బెజవాడలో కాక ఇంకెక్కడుంది? ఆ దారిలో పిన్నీసు నుంచి పట్టుచీర దాకా దొరుకుతుంది. బేరం ఆడటం రాకపోతే మన ఊరి ఆడవాళ్ళని ఒకరిని వెంట తీసుకెళ్ళండి. టోకు బట్టలకు వన్ టౌన్ వస్త్రలత. ఏలూరు రోడ్డు వైపు పాత పుస్తకాల దుకాణాలున్నాయి, నా ఇంటర్ ఫిజిక్సు అక్కడ కొన్నదే. నాకంటే ముందు దాన్ని చదివిన పుణ్యాత్ముడు ముఖ్యమైన చోట్లన్నీ గీతలు గీసి పెట్టాడు. విదేశాల్లో ఉన్న బంధువులకు ఏదైనా ఇవ్వాలంటే కొండపల్లి బొమ్మ ఇవ్వండి. తెల్లపొణికి కర్రతో చేస్తారు కాబట్టి పెట్టెలో బరువు ఉండదు.

తిండికి గాంధీనగర్ బాబాయ్ హోటల్. ఇడ్లీ మీద వెన్న. అంతకంటే వర్ణించను, ఇంకా భోజనాలు మొదలుకాలేదు. చేతిలో డబ్బు లేనివాళ్ళకు అయిదు రూపాయల అన్న క్యాంటీన్లు ఉన్నాయి. 2018లో మొదలై, మధ్యలో మూతబడి, 2024 ఆగస్టు 15న గుడివాడతో మళ్ళీ తెరుచుకున్నాయి. రాజకీయం మాట్లాడనని సంఘానికి మాటిచ్చాను. కడుపు నిండటం రాజకీయం కాదు కాబట్టి చెప్పాను.

సినిమా సంగతికొస్తే, బెజవాడలో మారుతి హాలు 1921లోనే వెలిసింది. గాంధీనగర్లో పంపిణీదారుల ఆఫీసులు ఉండేవి, డబ్బాలు అక్కణ్ణుంచే మన టూరింగ్ టాకీసుకి వచ్చేవి. అప్సర, ఊర్వశి, మేనక, అలంకార్ పేర్లు చెబితే చాలు, ఇక్కడ సగంమందికి ఏ సినిమా ఎవరితో చూశారో గుర్తొస్తుంది. ఇళ్ళల్లో చెప్పకండి.

మా అమ్మకు మాత్రం సినిమా అంటే కథా కాదు, హీరో కాదు. బెజవాడ ప్రయాణం అంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు తాగడం మానేసేది. మే నెల ఎండలో కూడా అంతే. "దాహం వేయట్లేదా అమ్మా?" అంటే "వెళ్ళాక చూద్దాంలేరా" అనేది. వెళ్ళాక చూడటానికి చోటుండేది కాదు. బట్టల కొట్లో అడగలేదు, హోటల్లో ఊరికే కూర్చోలేదు. అందుకే మధ్యాహ్నం తప్పకుండా మ్యాట్నీకి పోదామనేది. ఆవిడకి ఆ టికెట్టు మూడు గంటల నీడ, ఒక ఫ్యాను, ఒక బాత్రూము. ఇంజనీరింగులో చేరి, తలకి ఎన్ని లీటర్ల నీళ్ళు, ఎంతమందికి ఎన్ని మరుగుదొడ్లు అని లెక్కలు కట్టడం నేర్చుకునేదాకా నాకు ఆ సంగతి తట్టలేదు. అక్కయ్యలు తల ఊపుతున్నారు. మీకు లెక్కలతో పని లేకుండానే తెలుసు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచిదే. మగవాళ్ళం టికెట్టు కొనుక్కుని నిలబడి వెళుతున్నాం, అదీ మంచిదే. ఛార్జీ సమస్య తీరింది. 1990లో కట్టిన నెహ్రూ బస్‌స్టేషన్ పెద్దది, అక్కడిదాకా ఇబ్బంది లేదు. ఆ గేటు దాటిన తర్వాత ఏడెనిమిది గంటల సంగతేమిటన్నది నా ప్రశ్న. ఇప్పుడు మ్యాట్నీ కూడా మల్టీప్లెక్సులోకి పోయింది. ఆ టికెట్టు ధరకి నీడ కొనుక్కోవడం మా అమ్మలాంటి వాళ్ళ వల్ల కాదు.

చేయలేమా అంటే, పన్నెండేళ్ళకోసారి చేస్తూనే ఉన్నాం. 2016 పుష్కరాలకి ఘాట్ల దగ్గర నీళ్ళు, మరుగుదొడ్లు, నీడ, దారి చూపే బోర్డులు పెట్టారు. పన్నెండు రోజుల తర్వాత తాత్కాలికం అంతా విప్పేశారు. 2028లో మళ్ళీ వస్తాయి. మా వృత్తివాళ్ళం తాత్కాలికం అని గీసిన ప్రతి గీత పక్కనా శాశ్వతం అని రాస్తే ఖర్చు ఎక్కువవుతుంది, నిజమే. కానీ మిగతా పదకొండేళ్ళ పదకొండు నెలలు కూడా మనుషులు ఆ ఊరికి వస్తూనే ఉంటారు కదా.

లండన్ గురించి ఒక్క మాట, లేకపోతే సంఘం వాళ్ళు నొచ్చుకుంటారు. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. వాళ్ళు పట్టుకుపోయిన తీరు మీద నాకు కోపముంది. కానీ లోపలికి టికెట్ లేదు. కూర్చోవడానికి బెంచీ ఉంది, మరుగుదొడ్డి ఎటో బాణం గుర్తు ఉంది. జేబులో పైసా లేనివాడు కూడా మన సున్నపురాతి శిల్పాల ముందు సాయంత్రం దాకా కూర్చోవచ్చు. నది అవతల కట్టే కొత్త రాజధాని నక్షాల్లో నేను అంతస్తుల లెక్క చూడను, ఆ బెంచీ, ఆ బాణం గుర్తు ఎక్కడున్నాయో వెతుకుతాను.

సంఘానికి నా వైపు నుంచి చిన్న ప్రతిపాదన. హెడ్మాస్టరుగారు ఒప్పుకుంటే, పరీక్షలయ్యాక పదో తరగతి పిల్లల్ని ఒకరోజు బెజవాడ తీసుకెళదాం. బ్యారేజీ, మ్యూజియం, బీసెంట్ రోడ్డు, పాత పుస్తకాలు. ఇడ్లీ, భోజనం, మగపిల్లల బస్సు టికెట్లు నా ఖర్చు. ప్రతి ఇద్దరికీ ఒక నోటుపుస్తకం ఇస్తాను. డబ్బివ్వకుండా నీళ్ళు దొరికిన చోటు, కూర్చోగలిగిన చోటు, ఆడపిల్లలు వెళ్ళగలిగిన మరుగుదొడ్డి, తాళం వేసి ఉందా తీసి ఉందా, అన్నీ టైముతో సహా రాయాలి. నేను దాన్ని మ్యాపు మీద పెట్టి, పిల్లల సంతకాలతో కార్పొరేషన్‌కి పంపిస్తాను. లెక్కల మాస్టారు కూడా వస్తానంటే బాగుంటుంది. కూడికలు ఆయన చూసుకుంటారు.